డ్యూటీ చార్టు వెనకవైపు

సాలూరు బండి అయిదూ పదికి,
రాజాం వయా చీపురుపల్లి అయిదున్నరకి,
ఎస్.కోట డ్రైవరు సెలవు పెడితే
ఆ సీట్లో ఎవర్ని కూచోబెట్టాలో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
విజయనగరం డిపోలో పద్దెనిమిదేళ్ల కంట్రోలర్ని.
బోర్డు మీద సుద్దముక్కతో ఒక బండిని ఇటు జరిపితే
ఎక్కడో గజపతినగరంలో ఒక ముసలామెకి
ఎండలో నిలబడే పని తప్పుతుంది.
ఆ గర్వం కొంచెం ఉంది నాకు.

తోటపాలెంలో మా ఇంట్లో మాత్రం
టిక్కెట్టు తీసుకుని కూచున్న ప్యాసింజర్ని.
"ఏం తెమ్మంటావు?"
"చెప్తే చేస్తాను గదా."
పెళ్లయిన నాటి నుంచీ ఈ మాటే
ఎంతో మంచివాణ్నన్నట్టు అంటూ వచ్చాను.

మొన్న వానల్లో హేమసుందరికి జ్వరం.
నూట మూడు.
తడిగుడ్డ మారుస్తూ కూచున్నాను.
రెండు దాటాక పలవరింత మొదలైంది.
ఏ దేవుడి పేరో, పోయిన వాళ్ల నాన్న పేరో
వస్తుందనుకున్నాను.

"అత్త బీపీ మాత్రలు గురువారంతో సరి...
రేపు కుళాయి రోజు, డ్రమ్ము కడగనేదు...
గుంటడికి బూట్లు ఇరుకైపోనాయి, చెప్పడు, కుంటుతన్నాడు...
పార్వతక్క జల్లెడ తిరిగి ఇవ్వనేదు...
చోడిపిండిలో పురుగు...
జోషితకి ఈ వారమే, ఇంట్లో పేడ్లు నేవు...
ఆ సిలిండరు ఒకపాలి ఊపి చూడండి, ఎవలైనా..."

జేబులో పాత డ్యూటీ చార్టుంటే
వెనక్కి తిప్పి రాయడం మొదలెట్టాను.
ఎందుకో తెలీదు, చేతికి అలవాటు.
తెల్లారేసరికి కాగితం నిండి
అంచుల్లోకి, మడతల్లోకి,
ముందువైపు బండి నంబర్ల మధ్యకి వచ్చేసింది.

నా బళ్లు రాత్రి పదికల్లా డిపోకి చేరతాయి.
ఇంజన్లు ఆపి, తాళాలు నా బల్లమీద పడేసి
డ్రైవర్లు బీడీ ముట్టిస్తారు.
ఈమె బళ్లు ఏ షెడ్డుకీ రావు.
పెళ్లిభోజనంలో, సినిమాహాల్లో,
నాతో నవ్వుతున్నప్పుడు కూడా
లోపలెక్కడో ఇంజను ఆడుతూనే ఉంది,
ఇన్నేళ్లూ ఆ చప్పుణ్ణి
ఇంటి ప్రశాంతత అనుకున్నాను.

జ్వరం తగ్గాక కాగితం చూపించాను.
మెచ్చుకుంటుందనుకున్నాను, నిజం చెప్పాలంటే.
చదివింది. మడిచింది.
"ఇందులో సగమే ఉన్నాయి" అంది.
చాలాసేపటికి,
"చెప్పడం కూడా పనేనండి" అంది.

అమ్మ మందులు నేను తీసుకున్నాను.
కొట్టుకెళ్లి తేవడం కాదు,
చీటీ రాసిస్తే అది ఇదివరకూ చేశాను.
ఎన్నున్నాయో, ఎప్పటికి అయిపోతాయో,
డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడో,
ఆ రూటు మొత్తం.

మొదటి నెల్లోనే బ్రేక్‌డౌను.
ఆదివారం రాత్రి తొమ్మిదికి ఖాళీ అట్ట.
ఘోషాసుపత్రి దగ్గర ఒకే కొట్టు తీసుంది.
స్కూటరు తోసుకుంటూ తిరిగొచ్చాను,
పెట్రోలూ చూసుకోలేదు మరి.
ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.
శుక్రవారం నుంచే తెలుసట.
పోపులడబ్బా అడుగున రెండు మాత్రలు దాచి
నోరు కట్టేసుకుందట.
ఆ మూడ్రోజులూ గుర్తుచెయ్యకుండా ఉండడం
గుర్తుపెట్టుకోవడం కన్నా బరువైందట.

తర్వాత కుళాయి రోజులు నావయ్యాయి.
సిలిండరు జోషిత సెల్లులోకి వెళ్లింది.
కాలు నొప్పెడితే నోరు విప్పాలని
గుంటడికి చట్టం చేశాం.
ఇంకా చాలా ఆమె దగ్గరే ఉన్నాయి.
సమానమైపోయిందని అబద్ధమాడను.

నిన్న సాయంత్రం వాన వెలిశాక
డాబా మీద నిలబడి ఉన్నట్టుండి
"ఏటో మర్సిపోనానండీ" అంది.
పొయ్యి మీద ఏం లేదు.
తీగ మీద బట్టల్లేవు.
వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.
"ఏటో మరి" అంటూ
మూడో వేలి దగ్గర ఆగి,
చెయ్యి అలాగే వదిలేసింది.